అన్నం లేని కూర

చేజు దీవికి వెళ్ళే పని ఎవరికైనా పడితే, ఏ రేవులో దిగాలో, దిగాక ఎటు తిరిగి ఎవరి పంచన కూర్చుని ఏం తినాలో అచ్చయ్యని అడగాల్సిందే. ఉత్తరపు రేవులో దిగి నల్లరాళ్ళ గోడ వెంట నడిస్తే మూడో ఇల్లు. అక్కడ ఒక ముసలమ్మ సావిడాయి చేపా గుమ్మడికాయా కలిపి నీళ్ళకూర కాస్తుంది. చలి మొదలయ్యే నెలల్లో వెళ్ళాలి, చేప అప్పుడే కొవ్వెక్కి ఉంటుంది. దక్షిణాన ఇంకో చిన్న రేవుంది. అక్కడ అరచేతిలో పట్టే ముళ్ళచేపని పచ్చిదాన్నే సన్నగా తరిగి, పులియబెట్టిన గింజల ముద్ద కలిపిన చల్లటి ఊటనీళ్ళలో వేసి ఇస్తారు. సముద్రంలో మునిగి గుల్లలు ఏరే ఆడవాళ్ళు ఒడ్డున నిప్పు చుట్టూ కూర్చుంటారు. వాళ్ళ దగ్గర గుల్లల గంజి తాగాలి. అది ఆకుపచ్చగా ఉంటేనే తాగాలి, తెల్లగా ఉంటే లేచి వచ్చెయ్యాలి. సంతరోజైతే ముల్లంగి తురుము చుట్టిన పల్చటి అట్టు తినాలి, అదీ నిలబడి తినాలి.

ఇంత తెలిసిన అచ్చయ్య ఆ దీవి మొహం చూసినవాడు కాదు. మలయాలో హుటాన్ మెలింటాంగ్ ఊరికి ఐదు మైళ్ళ దూరంలో ఒక రబ్బరు తోటలో పుట్టాడు, అక్కడే పాలు గీస్తూ పెరిగాడు. తోట దాటి దూరం వెళ్ళింది ఒక్కసారే. అది కూడా పెద్ద యుద్ధంలో జపానువాళ్ళు లారీలో కుక్కి శయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి తోలుకుపోయినప్పుడు.

శయాంలో అచ్చయ్య కావలివాళ్ళ వంటకి నీళ్ళు మోసేవాడు. ఆ కావలివాళ్ళలో ఒకడు కొరియావాడు. వాణ్ణి కూడా జపానువాళ్ళు ఇలాగే ఊళ్ళోంచి లాక్కొచ్చారు, కాకపోతే వాడి చేతికి తుపాకీ ఇచ్చారు. పగలంతా అచ్చయ్య చెంపలు వాయించడం వాడి పని. నీళ్ళు తొణికితే ఒక దెబ్బ, తొణక్కుండా నెమ్మదిగా తెస్తే ఆలస్యమైందని ఒక దెబ్బ. వానలు ముదిరి బియ్యం పడవలు రాని నెలల్లో మాత్రం కొట్టేవాడికీ దెబ్బలు తినేవాడికీ ఆకలి ఒక్కటే అయింది. సాయంత్రం ఆరిన పొయ్యి దగ్గర చతికిలబడి, వచ్చీరాని మలయ్ మాటలతో, నేలమీద పుల్లతో గీతలు గీస్తూ వాడు తన దీవిలో ఏది ఎక్కడ తినాలో చెప్పేవాడు. అచ్చయ్య కూడా తన తల్లి కాచే చేపల పులుసు గురించి చెప్పేవాడు. చింతపండు మాట రాగానే వాడు మొహం చిట్లించేవాడట. తోటనుంచి వెళ్ళిన పదకొండు మందిలో ముగ్గురు తిరిగొచ్చారు. ఒకడు చలిజ్వరం తెచ్చుకున్నాడు, ఒకడు కుంటికాలు తెచ్చుకున్నాడు. అచ్చయ్య ఈ దీవిని తెచ్చుకున్నాడు.

తోట కూలీల లైన్ల ఇళ్ళలో అందరికీ అదొక వేళాకోళం. "ఇయ్యాల ఏ రేవుకాడ తిన్నావు బావా?" అని పలకరించేవాళ్ళు. అచ్చయ్యకి కోపం వచ్చేది కాదు. కొరియాలో యుద్ధం జరిగిన ఏళ్ళలో తోట లెక్కలు రాసే కిరానీ కాంతయ్య దగ్గరికి వెళ్ళి, "బాబూ, పేపర్లో చేజు పేరేటైనా వచ్చినాదా?" అని అడిగేవాడు. కాంతయ్య తండ్రీ కిరానీయే, తాతా కిరానీయే. తెల్లచొక్కా నలగనివ్వని మనిషి అయినా పేపరు మొత్తం ఓపిగ్గా తిరగేసి, లేదనేవాడు. ఏ కబురూ లేదంటే ఆ ముసలమ్మ కుండ క్షేమంగా ఉన్నట్టేనని అచ్చయ్య సంతోషపడేవాడు.

ఆయన భార్య పాపాయి మాత్రం ఆ వేళాకోళంలో అందరికన్నా ముందుండేది. పన్నెండేళ్ళుగా ఆయన ఆ నీళ్ళకూర వండమని అడుగుతూనే ఉన్నాడు, ఆమె వండనంటూనే ఉంది.

"సింతపండు లేదు, పసుపు లేదు, కారం లేదు. సేపల్ని నీళ్ళల్లో ఉడకేసి అందులో తీపి గుమ్మడికాయా? అది పిల్లికి పెట్టీదా, మనిసికి పెట్టీదా మావ?"

"ఒక్కసారి సెయ్యే పాపాయీ. బాగోకపోతే మరడగను."

"నీ కొరియావోడి పెళ్ళాన్ని సెయ్యమను, పో."

అలా నవ్వి కొట్టిపారేస్తూ పన్నెండేళ్ళు గడిపేసింది. అడిగేవాడు ఎప్పటికీ అడుగుతూనే ఉంటాడనుకుంది.

యాభై ఏడో సంవత్సరం జూలైలో అచ్చయ్య పొట్టలో నీరు పట్టింది. కాళ్ళు పొంగాయి, మొహం వాడిపోయింది, ఆకలి అన్నది చచ్చిపోయింది. రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకి తోసేసేవాడు. ఆగస్టు మొదట్లో తెలుక్ ఆన్సన్ ఆసుపత్రిలో చేర్చారు. పాపాయి ప్రతి ఆదివారం సెలవు చీటీ రాయించుకుని, బస్సెక్కి, చూసి వచ్చేది. నాలుగో ఆదివారం వార్డులో పనిచేసే నాగప్పన్ ఆమెని వరండాలోకి పిలిచాడు. మంచివాడు, తమిళం మనిషి, రోగుల తాలూకు వాళ్ళతో నిజం చెప్పలేక గోడకేసి చూస్తూ మాట్లాడేవాడు.

"అక్కా, డాక్టరు చెప్పాడు. ఆయన ఏది అడిగితే అది పెట్టమన్నాడు. పథ్యం ఏమీ లేదంట."

పథ్యం లేదనడం ఎంత భయంకరమైన మాటో తెలియని ఆడది ఉండదు. పాపాయి వరండా స్తంభం పట్టుకుని కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని, నవ్వు మొహం పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. పోయే మనిషిని ఏం తినాలని ఉందో అడగాలి, అడిగింది పెట్టాలి. నోట్లో ఆశ మిగిలిపోతే ఆ మనిషికి దారి దొరకదు, ఇంటి చుట్టూనే తిరుగుతాడు అని నమ్ముతారు.

"ఏటి తింతావు మావ? సెప్పు, ఏదైనా సరే."

అచ్చయ్య చాలాసేపు ఆమెకేసి చూశాడు. ఆ అడగడంలో ఉన్నది ఆయనకి అర్థమైందని ఆమెకి తెలిసిపోయింది.

"నువ్వు సెయ్యవు కదే" అన్నాడు.

"సేత్తాను. సుక్కురారం ఒట్టుకొస్తాను. నీ కొరియావోడు సెప్పినట్టే సేత్తాను."

"నిజంగానా?" అని అచ్చయ్య అంత నీరసంలోనూ మోచేతిమీద లేవబోయాడు. "పసుపెయ్యకు. నూనెయ్యకు. గుమ్మడికాయ పెద్ద ముక్కలు కొయ్యి. సేప మీద ఎండిలాగ మెరిసీ పొడి గోకీకు, అది ఉండాల."

ఇక్కడ ఆ రోజుల సంగతి కాస్త చెప్పాలి. అడవిలో కమ్యూనిస్టులు ఉన్నారు, వాళ్ళని పట్టుకోవడం సర్కారుకి చాతకాలేదు, ఆకలితో మాడ్చి బయటికి రప్పించాలనుకుంది. అందుకని తోటల చుట్టూ ముళ్ళకంచెలు కట్టారు. ఇళ్ళలో ఒక్క బియ్యపుగింజ ఉండకూడదు. గేటు పక్కన పెద్ద వంటశాల కట్టి, అక్కడ వండి, చీటీ చూసి, మనిషికింత అని అన్నం కొలిచి పెట్టేవాళ్ళు. తినేది కంచె లోపలే తినాలి. రబ్బరు గీసేవాళ్ళు పొద్దున్నే ఒట్టి చేతులతో గేటు దాటి, మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో పనిచేసి వచ్చేవాళ్ళు. నీళ్ళ సీసాలో పంచదార వేసుకున్నా నేరమే. అడవివాళ్ళు ఎంత మాడారో చెప్పలేం గానీ, కూలివాళ్ళు మాత్రం బాగా మాడారు. అలాంటి గేటులోంచి పాపాయి కూర పట్టుకుని వెళ్ళాలి.

ఆదివారం సాయంత్రమే కాంతయ్య ఇంటి మెట్ల దగ్గర నిలబడింది. సంగతంతా విని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచాడు.

"గేటుమీద నా మాట చెల్లదమ్మా. దొర రాయాలి, పోలీసు ఆఫీసరు సంతకం పెట్టాలి."

"రాయించండి బాబూ. నానెప్పుడైనా ఏటైనా అడిగినానా మిమ్మల్ని?"

నిజమే, ఎప్పుడూ అడగలేదు. నాలుగు రోజులు ఆ కాగితం దొర బల్ల మీంచి ఠాణాకీ, ఠాణానుంచి దొర బల్లమీదికీ తిరిగింది. ఎందుకింత కూర, ఎవరికి, ఎన్ని ముక్కలు అని ప్రశ్నలు. గురువారం మధ్యాహ్నానికి కాంతయ్య చేతికి చీటీ వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు ఇంగ్లీషులో చదివి, ఒకసారి తెలుగులో చెప్పాడు.

"ఇదిగో విను. ముప్ఫయ్యో తేదీ శుక్రవారం, ఒక్క గిన్నె చేపకూర, ఆసుపత్రి రోగికి. అన్నం కూడదు. ఒక్క మెతుకు కూడదు. వింటన్నావా పాపాయీ? కూర ఒక్కటే."

"ఇన్నాను బాబూ."

"నా పేరు కూడా ఉంది దీనిమీద."

"అలాగే బాబూ" అని ఆమె చీటీని కళ్ళకద్దుకుంది.

శుక్రవారం పొద్దున్నే హుటాన్ మెలింటాంగ్‌నుంచి సైకిలుమీద చేపలతను గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. వెండి పట్టీలా పొడుగ్గా, మెరుస్తూ ఉన్న సావిడాయిని పాపాయి ఏరి తీసుకుంది. పెరట్లో పాకిన పాదునుంచి గుమ్మడికాయ కోసింది. చేప తల తీసి, నాలుగు వేళ్ళ వెడల్పు ముక్కలు కోసింది. చేతులు వాటంతట అవే పసుపు డబ్బా మీదికి పోయాయి. వెనక్కి తీసుకుంది. మరుగుతున్న నీళ్ళలో గుమ్మడి ముక్కలు వేసి, అవి మెత్తబడ్డాక చేప వేసి, గుప్పెడు లేత ఆకుకూర, నాలుగు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసింది. అంతే. వంట అయిందంటే నమ్మబుద్ధి కాలేదు. తాలింపు చప్పుడు లేని ఇల్లు ఎవరో పోయిన ఇల్లులా ఉందనిపించి, ఆ ఆలోచన వచ్చినందుకు తనని తాను తిట్టుకుంది.

గరిటెతో ఇంత తీసి అరచేతిలో పోసుకుని నాలిక్కి రాసుకుంది. బాగుంది. చేప తీపీ గుమ్మడి తీపీ ఒకదానిమీద ఒకటి పడకుండా నిలబడ్డాయి, వెనకనుంచి పచ్చిమిరప సన్నగా తగిలింది. నీసు లేదు. పాపాయికి ఒళ్ళు మండిపోయింది. పావుగంట పని. పన్నెండేళ్ళు ఆ మనిషి అడిగాడు, పావుగంట పనికి తను పన్నెండేళ్ళు మూతి తిప్పింది. పొయ్యి ముందే కూర్చుని కాసేపు ఏడ్చింది.

పదకొండింటికి వంటశాలలో తన వంతు అన్నం పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుంది. తినాలనిపించలేదు. మూత తీసిన కూరగిన్నె ఒక పక్క, అన్నం పళ్ళెం ఒక పక్క. ఆ రెంటి మధ్య ఆమె చాలాసేపు కూర్చుండిపోయింది.

ఒట్టి కూర ఎలా పెడతారు? అన్నం లేకుండా కూర మాత్రం పట్టుకెళ్ళి మనిషి ముందు పెట్టడం పాపాయి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అన్నం పెట్టడమంటేనే తిండి పెట్టడం. కూర ఎంత బాగున్నా అది పక్కది. కుక్కకైనా నాలుగు మెతుకులు కలిపే పడేస్తారు. ఆసుపత్రిలో అన్నం ఉంటుందిగా అని ఆమెకి తోచకపోలేదు. తోచింది. కానీ అది ఎవరి చేతి అన్నమో. కట్టుకున్నవాడికి ఆఖరిసారి పెట్టే కూడు ఊరివాళ్ళ అన్నంలో కలుపుకుని తినమనడమా? పైగా ఈ అన్నం దొంగతనం చేసింది కాదు, తన వంతుది. తను పస్తుంటే సరి, సర్కారు లెక్కలో ఒక్క మెతుకు తేడా రాదు. ఇందులో తప్పేముంది?

గిన్నె అడుగున ఒక్క పిడికెడు అన్నం పెట్టింది, దానిమీద కూర పోసింది. దాచాలని కాదు, అన్నంమీదే కదా కూర పోసేది అనుకుంది. ఆ మాట తనకి తాను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

గేటు దగ్గర ఆ రోజు హడావిడిగా ఉంది. మర్నాడే మెర్దేకా. దేశానికి స్వతంత్రం. కంచె స్తంభాలకి రంగు కాగితాలు కడుతున్నారు. ఆడవాళ్ళని తడిమి చూసే పూంగొడి ఎప్పటిలా బల్ల వెనక నిలబడింది. పక్క లైనులోనే ఉంటుంది. ఇద్దరూ ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. మామూలు రోజైతే మూత తీసి, వాసన చూసి పంపేసేదే. కానీ ఆ రోజు ఠాణానుంచి వచ్చిన మలయ్ కార్పొరల్ ఆమె భుజం పక్కనే ఉన్నాడు. పండగ ముందు గట్టిగా చూడమని పైనుంచి మాట వచ్చింది.

పూంగొడి చీటీ చూసింది. గిన్నె మూత తీసింది. అందరి గిన్నెల్లోనూ తిప్పే పొడుగాటి చెంచా ఇందులోనూ తిప్పింది. చెంచా అడుగునుంచి తెల్లగా పైకి వచ్చింది.

పూంగొడి చెయ్యి ఆగిపోయింది. చెంచా మళ్ళీ ముంచెయ్యాలని చూసింది, కానీ కార్పొరల్ అప్పటికే వంగాడు.

"నాసి" అన్నాడు, అన్నం అని.

"అక్కా, ఏం పని చేశావక్కా!" అంది పూంగొడి తమిళంలో, గొంతు తగ్గించి.

"పిడికెడే పూంగొడీ. నా వంతుదే. నాను తినలేదు, అడుగు ఎవుర్నైనా. కావాలంటే తీసీ. తీసీసి కూర ఇచ్చీ."

పూంగొడి ఆ మాటే మలయ్‌లో కార్పొరల్‌కి చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది పాపాయి. అతను చీటీ చూపించి, అన్నం కూడదన్న మాట కింద వేలితో గీత గీసి, తల అడ్డంగా ఊపాడు. "తాక్ బోలే లా, మక్‌చిక్. తాక్ బోలే." కుదరదు, పిన్నీ, కుదరదు. పిన్నీ అని పిలిచి మరీ లారీ ఎక్కించాడు. గిన్నెకి మూత పెట్టి, గుడ్డ కట్టి, లక్క వేసి, సాక్ష్యమని పక్కన పెట్టాడు.

లారీ కదులుతుంటే బస్సు వచ్చి గేటు ముందు ఆగింది. తెలుక్ ఆన్సన్ బస్సు. ఎవరూ ఎక్కలేదని వెళ్ళిపోయింది.

ఠాణా రోడ్డు పక్కన చిన్నది. ఒక గదిలో బల్ల, దానికి ఆనుకుని ఊచల గది. గిన్నెని బల్లమీద పెట్టారు. ఊచల్లోంచి పాపాయికి కనిపిస్తూనే ఉంది. కోర్టు ఎప్పుడని అడిగితే, రేపు సెలవు, ఎల్లుండి ఆదివారం, సోమవారం అని చెప్పారు. ఆమె ఆ సాయంత్రం ఎంతమందిని బతిమాలిందో లెక్కలేదు. నేల తుడిచేవాడి దగ్గర్నుంచి ఆఫీసరు దాకా అందరికీ చేతులెత్తి మొక్కింది. నన్ను ఉంచుకోండి, ఆ గిన్నె మాత్రం పంపండి అంది. గిన్నె సాక్ష్యం, పంపడానికి వీల్లేదన్నారు. పోనీ కబురైనా చెయ్యండి, నేను రాలేనని చెప్పండి అంది. ఆసుపత్రికి ఫోను చేస్తామన్నారు. చేశారో లేదో ఎవరికి తెలుసు? అందరూ పండగ పనిలో ఉన్నారు.

శనివారం పొద్దున్న రోడ్డుమీద బాజాలు మోగాయి. పిల్లలు జెండాలు పట్టుకుని "మెర్దేకా! మెర్దేకా!" అని అరుస్తూ పోయారు. ఠాణాలో కూడా వేడుక చేసుకున్నారు. మధ్యాహ్నం ఒక కానిస్టేబులు నవ్వుతూ వచ్చి ఊచల సందులోంచి అరిటాకు పొట్లం ఇచ్చాడు. విప్పింది. పసుపుపచ్చటి అన్నం. గుట్టగా, ఆవిరి కక్కుతూ, ఒక్కరు తినలేనంత అన్నం. నిన్న పిడికెడు అన్నానికి కటకటాల్లోకి తోసినవాళ్ళు ఈ రోజు పండగని దోసెడు అన్నం పెట్టారు. నవ్వాలో, మొహాన కొట్టాలో తెలియలేదు పాపాయికి.

"బాబూ, ఇది ఆసుపత్రికి పంపు. మా మావకి పంపు. మీ అన్నమే కదా, మీరిచ్చిందే కదా!"

అతనికి తెలుగు రాదు. ఆమె చేతులతో చూపించింది, మలయ్‌లో వచ్చిన నాలుగు మాటలూ చెప్పింది. అర్థమయ్యాక అతని నవ్వు పోయింది. తల గోక్కుంటూ "తాక్ బోలే లా" అని మెల్లగా అని వెళ్ళిపోయాడు. పాపాయి ఆ పొట్లం ముట్టుకోలేదు. చీమలు తిన్నాయి.

ఆ సాయంత్రానికి బల్లమీంచి వాసన మొదలైంది. మొదట పుల్లగా వచ్చింది, ఆదివారం పొద్దుటికి ముక్కు మూసుకునేలా అయింది. తను ఊచల వెనక కూర్చుని చూస్తుండగా తన చేతి వంట గజం దూరంలో కుళ్ళిపోయింది. కానిస్టేబుళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తిరిగారు గానీ, లక్క వేసిన గిన్నెని పారబొయ్యడానికి ఎవరికీ అధికారం లేకపోయింది. పాపాయికి మటుకు ఆ వాసన సిగ్గు పుట్టించింది. మావ కూర ఇలా కంపు కొడుతోంటే అందరూ చీదరించుకుంటున్నారే అని ఏడుపు వచ్చింది.

సోమవారం తెలుక్ ఆన్సన్ కోర్టుకి కాంతయ్య వచ్చాడు. తెల్లచొక్కా నలిగి ఉంది. ఆమె మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి ఆయన్నే నిలబెట్టారు. అన్నం ఎందుకు పెట్టావని మేజిస్ట్రేటు అడిగాడు.

"అన్నం లేకుండా కూరెలాగ పెడతానండి?" అంది పాపాయి.

కాంతయ్య ఆ మాటని ఇంగ్లీషులో ఒకలా చెప్పి, సరిపోలేదన్నట్టు మళ్ళీ ఇంకోలా చెప్పాడు. రెండుసార్లూ అది చాలా చిన్న మాటగానే మిగిలింది. మేజిస్ట్రేటు కాసేపు కాగితం చూశాడు. గిన్నె తెరిచి చూపించబోతే వద్దన్నాడు. ఇకముందు ఇలాంటి పని చెయ్యకూడదని మందలించి, వెళ్ళమన్నాడు. అంతా పది నిమిషాల్లో అయిపోయింది.

బయటికి రాగానే పాపాయి పరుగులాంటి నడకతో ఆసుపత్రి వైపు తిరిగింది.

"పాపాయీ, ఆగు" అన్నాడు కాంతయ్య.

ఆమె ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"నిన్న పొద్దున్నమ్మా. కోర్టులో చెప్పలేకపోయాను."

ఆమె మళ్ళీ నడవడం మొదలుపెట్టింది, కానీ ఇప్పుడు తొందర లేదు. కాంతయ్య గొడుగు విప్పి ఆమె పక్కన నడిచాడు. జీవితంలో ఒక కూలిమనిషికి ఆయన గొడుగు పట్టడం అదే మొదలు.

వార్డు గుమ్మంలో నాగప్పన్ ఎదురొచ్చాడు. ఆ మంచంలో అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. నాగప్పన్ ఎప్పటిలా గోడకేసి చూడబోయాడు, చూడలేకపోయాడు.

"శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదక్కా. గంజి తెచ్చినా వద్దన్నాడు, రొట్టె తెచ్చినా వద్దన్నాడు. మెర్దేకాకని అందరికీ పాయసం పోశారు, అది కూడా పక్క మంచం అతనికి ఇచ్చేశాడు. ఇంటినుంచి వస్తోంది, కడుపులో చోటుండాలి అన్నాడు. నేను తిట్టాను కూడా. నవ్వాడు."

"నాను రాలేనని ఎవులూ సెప్పలేదా?"

నాగప్పన్ తల అడ్డంగా ఊపాడు. "గేటు దగ్గర ఆపుంటారు, అంతే, వచ్చేస్తుంది అనేవాడు. ఆదివారం తెల్లారాక లేపి కూర్చోబెట్టమన్నాడు. పడుకుని తింటే రుచి తెలీదంట. గుమ్మం వైపు తిప్పి దిండ్లు పెట్టాను. అలాగే కూర్చునే..."

పాపాయి అతని చొక్కా అంచు పట్టుకుంది. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేదని కాంతయ్యకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

"ఆకలని అన్నాడా?"

పోయినవాళ్ళ గురించి మంచి అబద్ధాలు చెప్పడం నాగప్పన్‌కి పనిలో భాగం. రోజుకి రెండైనా చెబుతాడు. కానీ ఆమె అలా పట్టుకుని అడిగేసరికి అబద్ధం నోటికి రాలేదు, నిజం వచ్చేసింది.

"అన్నాడక్కా. సంతోషంగా చెప్పాడు. ఎన్నాళ్ళకో ఆకలి పుట్టింది, మా పాపాయి వచ్చేదాకా దీన్ని పాడు చెయ్యకండి అన్నాడు."

పాపాయి అతని చొక్కా వదిలేసి గుమ్మంలోనే కూలబడింది. నేనే, నేనే, నా పిడికెడన్నమే అంటూ నేలని కొట్టింది. కాంతయ్య గొడుగు కింద పడేసి, రెండు చేతులా ఆమెని లేపబోయాడు. ఆమె లేవలేదు.